నూకాలమ్మ నడిచిన పన్నెండంతస్తులు

ఆరో అంతస్తులో ఒక ప్రాణం పోతోందని నా గవ్వ చెప్పింది. నిజానికి పోతున్నది ఏడో అంతస్తులో.

డాక్టర్లూ నర్సులూ కలిసి ఐదుగురు, మందుల బండిని తోసుకుంటూ ఆరో అంతస్తులోని మగవాళ్ళ వార్డులోకి పరుగున వెళ్ళారు. తూర్పు వైపు, మూడో కిటికీ పక్క మంచం. గవ్వ అంత కచ్చితంగా చెప్పింది. ఆ మంచం మీద ఒక పెద్దాయన దిండుకు చేరగిలబడి ఇడ్లీ తింటున్నాడు. ఐదుగురు తన మీదికి దూకబోవడం చూసి చేతిలో ముక్క ఒళ్ళో జారవిడిచాడు. సరిగ్గా ఆయన నెత్తిమీద, ఒక్క శ్లాబు అవతల, అచ్చం అలాంటి వార్డులో, అచ్చం అలాంటి మంచం మీద, సన్యాసిరావు అనే లారీ డ్రైవరు గుండె ఆగి పడి ఉన్నాడు.

అతన్ని కాపాడింది నా యంత్రం కాదు. ఏడో అంతస్తు ఆయా నూకాలమ్మ. యాభై ఏడేళ్ళ మనిషి, ఎడమకాలు కుంటి. గవ్వ నొక్కింది ఆవిడే. ఎంతకీ ఎవరూ రాకపోయేసరికి, రోగి ఛాతీ నొక్కుతున్న నర్సును అక్కడే ఉంచి, రెయిలింగు పట్టుకుని ఇరవై రెండు మెట్లూ దిగి వచ్చింది.

“ఇక్కడ కాదు బాబూ, పైన! ఏడు! బేగి రండి!” అని ఆవిడ పెట్టిన కేకకు ఆరో అంతస్తు మొత్తం లేచి నిలబడింది.

సన్యాసిరావు బతికాడు. కానీ నాలుగు నిమిషాల ఆలస్యానికి కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. ఆ చెయ్యి నా ఖాతాలో పడిందని నేను ఎవరూ చెప్పకుండానే ఒప్పుకున్నాను. గవ్వ ఉంది గదా అని ఆ వార్డులో ఇంటర్‌కం ఎత్తినవాళ్ళు లేరు. అంత నమ్మకం కలిగించింది నేనే.

నా పేరు హైమావతి. విశాఖపట్నంలో, కొండవాలు మీద కట్టిన ఆ పన్నెండంతస్తుల ఆసుపత్రి సెల్లారులో, జనరేటరు గది పక్కన నా ప్రయోగశాల. తొమ్మిదేళ్ళుగా నన్ను తినేస్తున్న ప్రశ్న ఒక్కటే. సముద్రంలో ముప్పై మైళ్ళ అవతలున్న పడవ ఎక్కడుందో ఉపగ్రహం చెప్పేస్తుంది. నాలుగు గోడల మధ్య పడిపోయిన మనిషి ఎన్నో అంతస్తులో ఉన్నాడో ఎవరూ చెప్పలేరు. కాంక్రీటులోకి ఆ సంకేతాలు దిగవు.

అందుకే గవ్వను తయారుచేశాను. గవ్వంత ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఒక స్ఫటికం, దానికో పట్టీ. మడమ పైన కట్టుకోవాలి. మనం అడుగు వేస్తే నేల బదులు పలుకుతుంది. చెవికి వినబడదు, గవ్వకు వినబడుతుంది. కింద దూలం ఉన్నచోట ఒక బదులు, లేనిచోట ఒక బదులు. స్తంభం దగ్గర ఇంకొకటి. ఇంటి నిండా తీగలు లాగక్కర్లేదు, డబ్బాలు బిగించక్కర్లేదు. భవనమే చెబుతుంది, నువ్వు ఇక్కడున్నావని. ఆపద వస్తే గవ్వను రెండుసార్లు నొక్కితే చాలు.

అయితే ముందు గవ్వకు భవనాన్ని నేర్పాలి. ఎవరో ఒకరు దాన్ని కట్టుకుని ప్రతి గదీ ప్రతి వసారా నడవాలి. నా నలుగురు ఇంజనీర్లు రెండు నెలలు నడిచారు. ఆ తరువాత ముప్పైమంది సిబ్బంది కాళ్ళకు గవ్వలు కట్టాం. చిక్కంతా పన్నెండంతస్తులూ ఒకే నమూనాతో, ఒకే అచ్చుతో పోసినవి కావడం. ఏ కిటికీ పక్కనో చెప్పడం తేలిక. ఏ అంతస్తో చెప్పడానికి ఆధారం వెంట్రుకవాసి తేడా. కింది అంతస్తు మీద బరువెక్కువ కాబట్టి దాని బదులు కాస్త బిగుతుగా ఉంటుంది. అంతే.

“మూడు వారాలు,” అన్నారు సూపరింటెండెంటు అనసూయాదేవిగారు, ఆ సాయంత్రమే నన్ను పిలిపించి. “సరిచేస్తే ఉంటుంది. లేకపోతే ముప్పై గవ్వలూ విప్పి తీసుకెళ్ళిపోండి. ఇంకో మనిషి చెయ్యి పోవడం నేను చూడలేను.”

నేను వాదించలేదు. నాకూ చూడాలని లేదు.

మర్నాడు పొద్దున్నే నేనూ, నా దగ్గర పనిచేసే జోషువా ఏడో అంతస్తుకు వెళ్ళాం. జోషువా నలుగురు ఇంజనీర్లలో పెద్దవాడు. లెక్కల్లో గట్టివాడు, మాటల్లో ఇంకా గట్టివాడు. వార్డు గుమ్మం ముందు చెప్పుల కుప్ప. గోడ మీద ఎర్రరంగుతో ‘చెప్పులు బయట విడువవలెను’ అని రాసి ఉంది. అలవాటు కొద్దీ నా చెప్పులు విడిచి లోపల కాలు పెట్టాను. చల్లటి గచ్చు అరికాలికి తగిలింది. అక్కడే ఆగిపోయాను.

“జోషువా, మీరు నడిచినప్పుడు ఇక్కడ ఏం వేసుకున్నారు?”

“బూట్లు మేడం. మీరు రాసిన రూలేగా, అందరూ ఒకే రకం బూట్లు వేసుకోవాలని. వార్డుల్లోకి బూట్లతో రానివ్వమంటే, సూపరింటెండెంటుగారి చేత ప్రత్యేకంగా పర్మిషను కూడా…”

వాక్యం పూర్తి చేయకుండా చెప్పుల కుప్ప వైపు చూశాడు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గుమ్మం బయట చెప్పులు విడవడం తప్ప ఎరుగని ఐదుగురం. శాస్త్రం పేరు చెప్పి పర్మిషను తెచ్చుకుని మరీ బూట్లతో నడిచాం. ఇక్కడి ఆయాలు, నర్సులు, రోగులు, వాళ్ళ తాలూకు జనం అందరూ వట్టికాళ్ళతో తిరిగేవాళ్ళే. వట్టికాలు మెత్తగా పడుతుంది. మెత్తటి అడుగుకు నేల వదులుగా బదులిస్తుంది. బూటు దెబ్బలు మాత్రమే ఎరిగిన గవ్వకు అంతస్తు తేల్చడం తెలియక, ఒకదాని బదులు ఇంకొకటి చెప్పింది. నా తల నేనే ఆ గోడకు కొట్టుకోవాలనిపించింది. రోగులు చూస్తున్నారని ఊరుకున్నాను.

“మళ్ళీ వట్టికాళ్ళతో నడిచేస్తాం మేడం,” అన్నాడు జోషువా.

“వసారాలో చెప్పులతో నడిచేవాళ్ళనేం చేస్తావు? బరువైనవాళ్ళని? కర్రపట్టుకున్నవాళ్ళని? ఒక్కొక్కరికీ రెండేసి నెలలు నడుస్తావా?”

వాడు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి, సెల్లారుకు దారితీశాడు.

మూడు రోజులు సెల్లారులో కూర్చుని, ముప్పైమంది కాళ్ళ గవ్వల్లో పడిన అడుగులన్నీ తెరమీద పరిచి చూశాం. ఇరవై తొమ్మిది మందివి కలగాపులగం. అంతస్తులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా ఉన్నాయి. ముప్పయ్యోది తెరిచేసరికి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. పన్నెండంతస్తులూ పన్నెండు పాయలుగా, చక్కగా విడివడి ఉన్నాయి. ఎక్కడా ఒకదానికొకటి తగలడం లేదు.

అది దుప్పట్ల బండితో రోజూ అన్ని అంతస్తులూ తిరిగే నూకాలమ్మ నడక.

కుడికాలు బరువుగా పడుతుంది, ఎడమకాలు తేలిగ్గా. ధన్, టిక్. ధన్, టిక్. ఒకే చోట, ఒక్క ఊపిరిలో నేలకు రెండు రకాల దెబ్బలు. ఆ రెండు బదుళ్ళకూ మధ్య తేడా ఎంతన్నది శ్లాబు మీద బరువెంతో చెప్పేస్తుంది. అంటే ఎన్నో అంతస్తో చెప్పేస్తుంది. పైగా ఒకచోట బరువడుగుకు ఏం బదులొస్తుందో, తేలికడుగుకు ఏం బదులొస్తుందో తెలిస్తే ఆ మధ్యలో పడే ఎవరి అడుగునైనా లెక్కగట్టుకోవచ్చు. బూట్లవాళ్ళు, వట్టికాళ్ళవాళ్ళు, లావువాళ్ళు, సన్నవాళ్ళు అందరూ అందులో ఇమిడిపోతారు. మేము ఒక్కో చోట ఇరవైసార్లు తొక్కి సాధించలేనిది ఆవిడ ఒక్కసారి నడిచి వెళ్ళిపోతే వచ్చేస్తోంది.

జోషువా వెంటనే కుంటడం మొదలుపెట్టాడు. అర్ధగంటకు నడుం పట్టేసింది, పాయలు ముద్దయిపోయాయి. ఒక కాలికి బూటు వేసుకుని, ఒక కాలు వదిలేసి నడిచాడు. వంద అడుగులయ్యేసరికి వట్టికాలు తనంతట తనే గట్టిగా పడటం మొదలైంది. ఒంటికి ఆ తెలివి ఉంది, ఏ వంకరనైనా సరిచేసుకుంటుంది. యంత్రంతో రెండు రకాల దెబ్బలు వేయిస్తే కొలత బాగానే వచ్చింది గానీ, ఆ లెక్కన భవనం పూర్తయ్యేసరికి మూడేళ్ళు పడుతుంది. మేము నానా తంటాలు పడుతుంటే నూకాలమ్మ దుప్పట్ల బండి తోసుకుంటూ అటుగా వచ్చి జోషువాని చూసి ఆగింది.

“అది కుంటడం కాదు బాబూ. డేన్సు.”

ఇరవై రెండేళ్ళ కుంటు అది. ఆసుపత్రి తెరిచిన ఏడాదే తడి దుప్పట్ల మూటతో మెట్లమీద జారి మోకాలు విరుచుకుంది. అప్పుడు సరిగా అతకలేదు. ప్రతి అడుగులో అదే బరువు, అదే తేలిక, గోరంత మార్పు లేకుండా పడేటట్టు ఆ కాలు స్థిరపడిపోయింది. ఆ కాలికి వచ్చే గురువారం ఆపరేషను. మోకీలు మార్పిడి. ఎముకల డాక్టరు త్రినాథ్ అన్నీ సిద్ధం చేసి ఉంచాడు.

గురువారం తరువాత ఆ నడక ఈ లోకంలో ఉండదు.

అడక్కూడదని నాకు తెలుసు. తెలిసే ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి బయలుదేరాను. కొండ మీది కాలనీ. ఆటో దిగాక ఎనభై ఆరు మెట్లు. సగంలో రెండుసార్లు ఆగి రొప్పాను. ఆవిడ రోజూ ఎక్కిదిగేది ఇదే దారిన అని తలచుకుంటే సిగ్గేసింది. సిగ్గేసినా వెనక్కి తిరగలేదు.

నూకాలమ్మ వాకిట్లో నేలమీద కూర్చుని, ఎడమకాలు చాపి, కత్తిపీట మీద చేపలు కోస్తోంది. కూతురు లోవ పక్కన నీళ్ళు పోస్తోంది. లోవ రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పెళ్ళయి వెనక వీధిలోనే ఉంటుంది. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేసింది. నేను వచ్చిన పని చెప్పాక, ఆ కుర్చీ ఎందుకు వేశానా అన్నట్టు చూసింది.

“మీ మిషనుకి మంచి కాళ్ళు పనికిరావేటి? మాయమ్మ కుంటికాలే కావాలేటి?” అంది. “ఇరవై రెండేళ్ళు బతిమాల్తే ఇప్పటికి ఆపరేషనుకి ఒప్పుకున్నాది. ఇప్పుడొచ్చి ఆపీమంటన్నారు. అరిగిన మోకాలితో పన్నెండంతస్తులు తిప్పుతారా? రేపు ఆ కాలు అసలుకే పోతే మీరొచ్చి నీల్లు మోస్తారా?”

నేను దాచలేదు. డాక్టరు త్రినాథ్‌ను అడిగే వచ్చాను. ఆయన చెప్పింది చెప్పినట్టే చెప్పాను. ప్రతి గదీ ప్రతి వసారా అలా పన్నెండు రోజులు నడిస్తే లోపలి ఎముక ఇంకా అరిగిపోతుంది. తరువాత కీలు మార్చినా మోకాలు పూర్తిగా వంగకపోవచ్చు. ఇలా నేలమీద కూర్చోవడం, కత్తిపీట ముందేసుకోవడం ఇక ఉండకపోవచ్చు.

నూకాలమ్మ చేతిలో చేపను తిప్పి తోక కోసింది.

“ఆ రోజు నాను దిగొచ్చి అరిసినాను కాబట్టి సన్నాసిబాబు బతికినాడు,” అంది. “నాకు సెలవైన రోజు పడుంటే ఏటయ్యేది మేడంగారూ?”

“అమా, నువ్వూరుకో,” అంది లోవ.

“నువ్వూరుకోయే. నా కుంటు సూసి జాలిపడినోల్లున్నారు. ఎనకాల నవ్వినోల్లున్నారు. అది కావాలని ఇన్ని మెట్లెక్కి వొచ్చింది ఈవిడొక్కర్తే.” నా వైపు తిరిగింది. “సేప ముక్కలు కుర్సీలో కూకుని కూడా కోసుకోవొచ్చు. ఎప్పుడు మొదలెడదాం?”

నాకు ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్ళలో నా గవ్వను ఇంత సూటిగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు. ఆ రోజు నుంచి నేను ఆవిడను మీరు అనడం మొదలుపెట్టాను. ఆవిడకది అస్సలు నచ్చలేదు.

డాక్టరు త్రినాథ్ ఒక్క షరతు మీద ఆపరేషను వెనక్కి జరిపాడు. మెట్లు ఎక్కకూడదు. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య చక్రాల కుర్చీ, లిఫ్టు. అందుకని ఆ పన్నెండు రోజులూ నూకాలమ్మ ఇంటికి వెళ్ళకుండా నర్సుల గదిలోనే పడుకుంది.

మొదటి అంతస్తు మొదలుపెట్టిన రోజు నేలమీద సుద్దగీతలు గీశాం. ఆవిడ వట్టికాళ్ళతో గీత వెంట నడిచింది. ధన్, టిక్. సెల్లారులో జోషువా తెరమీద ఒక్కో గది వెలుగుతూ వచ్చింది. రోగుల తాలూకు వాళ్ళు చాపలు చుట్టుకుని, క్యారియర్లు ఎత్తుకుని దారి ఇచ్చారు. ఎందుకు నడుస్తోందో మూడో రోజుకి ఆసుపత్రి అంతా తెలిసిపోయింది. నాలుగో అంతస్తు బాలింతలు తలుపుల దగ్గర నిలబడి చూశారు. ఏడో అంతస్తులో సన్యాసిరావు మంచం మీద నుంచి ఎడమచేత్తో దండం పెట్టాడు.

“సెయ్యి కదపడం నేర్సుకో బాబూ, దండాలు తరవాత,” అంది నూకాలమ్మ నడక ఆపకుండానే.

ఎనిమిదో రోజుకు మోకాలు కుండలా వాచింది. పొద్దున ఐసు, సాయంత్రం ఐసు. తొమ్మిదో రోజు పైట కొంగు పళ్ళతో కరిచిపట్టి నడిచింది. నొప్పి తెలియకుండా మందివ్వడానికి లేదు. మందిస్తే కాలు నిబ్బరంగా పడుతుంది, తేలిక తగ్గుతుంది, కొలత చెడుతుంది. ఆ మాట ఆవిడకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఒక శాస్త్రవేత్త అనుకోవలసినవేవీ నేను అప్పుడు అనుకోలేదు. నన్ను నేను తిట్టుకున్నాను, అంతే.

“చాలు, మిగిలినవి ఎలాగో లెక్కలతో పూరిస్తాం,” అన్నాను పదో రోజు.

“లెక్కలతో మీరు ఒకసారి పూరించినారు గదా,” అంది.

పన్నెండో రోజు సాయంత్రానికి అంతస్తులన్నీ అయిపోయాయి. మిగిలింది మెట్లదారి. పదకొండు వరసలు, రెండు వందల నలభై రెండు మెట్లు. డాక్టరు వద్దన్నాడు. నేనూ వదిలేద్దామన్నాను. గదులూ వసారాలూ వచ్చాయి, అది చాలు.

“మెట్లు వొదిలేస్తారా?” నూకాలమ్మ నన్ను వింతగా చూసింది. “నాను పడ్డదెక్కడనుకున్నారు? ఆ రోజు దుప్పట్ల మూట కింద గంటసేపు పడున్నాను. నానెక్కడున్నానో ఎవుళికీ తెలీదు.”

మర్నాడు పొద్దున మెట్ల మొదట్లో నిలబడింది. లోవ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చింది. నాతో మాట్లాడలేదు. తల్లిని పట్టుకోబోతే నేను ఆపాను. పట్టుకుంటే బరువు మారిపోతుంది. లోవ నన్ను కొరకొరా చూసి, తల్లికి ఒక మెట్టు కింద, రెండు చేతులూ చాపి, ఎక్కడా తగలకుండా వెనకే ఎక్కింది. పడితే పట్టుకోవడానికి. రెండు వందల నలభై రెండు మెట్లూ ఆ చేతులు అలాగే చాపి ఉంచింది. ఒక్కో మెట్టు మీదా కుడికాలు, తరువాత ఎడమకాలు. ప్రతి వరస దగ్గరా కుర్చీలో కూర్చోబెట్టాం. పైకి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. పన్నెండో అంతస్తు గుమ్మంలో తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నేలమీద కూలబడ్డారు. నూకాలమ్మ నేలమీద కూర్చోవడం నేను చూసింది అదే ఆఖరు.

మూడు రోజులకు పరీక్ష. ముప్పైమంది తమకు నచ్చిన చోట వెళ్ళి దాక్కోవాలి. బూట్లవాళ్ళు, వట్టికాళ్ళవాళ్ళు, ఒక నిండు చూలాలు, రెండు చంకకర్రల మీద నడిచే ఒక కుర్రాడు. సూపరింటెండెంటుగారైతే స్వయంగా గవ్వ కట్టుకుని ఎటో మాయమైపోయారు. జోషువా తెర చూసి ఒక్కొక్కరి చోటూ చదవడం, మనుషులు వెళ్ళి చూసి రావడం. ఒకటి సరి. రెండు సరి. ఇరవై తొమ్మిది సరి.

“ముప్పై. పదకొండో అంతస్తు, దుప్పట్ల గది, తలుపు వెనకాల,” అన్నాడు జోషువా.

తలుపు తీసుకుని అనసూయాదేవిగారే బయటికి వచ్చారట, చెప్పులు చేత్తో పట్టుకుని. “ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చానండీ. అయినా పట్టేసిందే!” అన్న ఆవిడ గొంతు స్పీకరులో కిందికి వినబడింది. సెల్లారులో నేనూ జోషువా ఒకరినొకరు కావలించుకుని గెంతాం. జనరేటరు ఆపరేటరు ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు.

ఆ వారంలోనే నూకాలమ్మకు ఆపరేషను జరిగింది. డాక్టరు త్రినాథ్ బయటికి వచ్చి తలకు కట్టుకున్న గుడ్డ తీసి చేతిలో నలుపుతూ చెప్పాడు. కాలు నిటారుగా వచ్చింది. కుంటు పోతుంది. కానీ ఎముక అనుకున్నదానికన్నా ఎక్కువ అరిగింది. సగానికి మించి వంగదు. లోవ విని తల పంకించింది. నా వైపు చూడలేదు. నేను చూడమని అడగలేదు.

ఆపరేషనైన ఆరో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు గవ్వ మోగింది. నేను జోషువా పక్కనే ఉన్నాను. తెరమీద ఎర్రచుక్క వెలిగింది.

“ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య మెట్లదారి. పద్నాలుగో మెట్టు,” అని చదివిన జోషువా, తెరమీద పేరు చూసి ఆగాడు. “మేడం, ఇది నూకాలమ్మగారి గవ్వ.”

స్పీకరులో అత్యవసర బృందం డాక్టరు గొంతు. “నూకాలమ్మ మంచం ఐదో అంతస్తులో. మోకీలు మార్చి వారం కాలేదు. ఆవిడ తొమ్మిదో అంతస్తు మెట్ల మీదుండటమేంటి? మళ్ళీ తప్పు చూపిస్తోందా? మేము ఐదుకు వెళ్తున్నాం.”

జోషువా నన్ను చూశాడు. వాడి మనసులో ఏముందో నాకు తెలుసు, ఎందుకంటే నా మనసులోనూ అదే ఉంది. మేము భవనాన్ని నేర్చుకుంది ఆవిడ కుంటి కాలితో. ఇప్పుడు ఆవిడకున్నది కొత్త కాలు. ఆ నడకను గవ్వ ఇదివరకు ఎన్నడూ వినలేదు. లోకజ్ఞానం ఐదు అంటోంది. గవ్వ పద్నాలుగో మెట్టు అంటోంది. ఒకసారి గవ్వను నమ్మి ఒక మనిషి చెయ్యి పోగొట్టాను.

పరీక్షలో ముప్పైమంది నడకలూ ఇమిడాయి. ఇదీ ఇమడాలి. ఇమడకపోతే నేను చేసిందంతా అబద్ధం.

“ఐదుకు వద్దు,” అన్నాను మైకులో. “గవ్వ చెప్పిన చోటికే వెళ్ళండి. పద్నాలుగో మెట్టు. నేను చెబుతున్నాను, వెళ్ళండి!”

తరువాత పరుగుల చప్పుడు. నేను గడియారం చూడలేదు, జోషువా చూశాడు. నలభై ఎనిమిది సెకన్లకు స్పీకరులో కేక వినిపించింది.

“దొరికింది! ఇక్కడే ఉంది! ఆక్సిజన్ పెట్టండి!”

కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. కింద పడుతూ పడుతూ చెయ్యి చాపి కుడికాలి గవ్వ నొక్కుకుంది. మాట రాలేదు, పిలవలేకపోయింది. ఆ వేళప్పుడు మెట్ల మీద తిరిగేవాళ్ళెవరూ లేరు. ఇంకో రెండు మూడు నిమిషాలైతే చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరే చెప్పాడు. ఆ మాట విని లోవ వసారాలో నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా రెండు చేతులూ పట్టుకుని, తలను నా భుజానికి ఆనించి, గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చుట్టూ ఎవరున్నారో ఇద్దరమూ చూసుకోలేదు.

రెండో రోజు మాట్లాడనిచ్చారు. నూకాలమ్మ ముక్కుకు గొట్టం పెట్టుకుని, దిండు మీద తల తిప్పి మా ఇద్దరినీ చూసింది.

“సెప్పకుండా ఎందుకెల్లినావమా అక్కడికి?” అంది లోవ. “ఎనిమిదో అంతస్తులో నీకేటి పని?”

“ఆ అంతస్తు దుప్పట్ల గదిలో మనోళ్ళని సూద్దారని లిఫ్టులో ఎల్లినాను. వొచ్చేటప్పుడు మెట్లు కనబడినాయి,” అంది నూకాలమ్మ. “మేడంగారూ, నన్ను ఎన్నో మెట్టు కాడ పట్టుకున్నారు?”

“పద్నాలుగో మెట్టు.”

కళ్ళు మూసుకుని, దుప్పటి మీద వేళ్ళు ఒక్కొక్కటే మడిచి లెక్కపెట్టుకుంది. ముఖం నిండా నవ్వు పరుచుకుంది.

“నిజమే, పద్నాలుగే. కుంటకుండా ఎక్కినాను మేడంగారూ. పద్నాలుగూ.”

నేను ఆ మెట్లను తెరమీద అప్పటికే పదిసార్లు చూశాను. పద్నాలుగు జతల అడుగులు, ఎడమ కుడి రెండూ ఒకే ఎత్తున.

“తెలుసు నూకాలమ్మగారూ,” అన్నాను. “ప్రతి అడుగూ చూశాను.”